"మా అబ్బాయికి చెప్పకమ్మా"

(నల్లకుంటలో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఆదివారం ఉదయం ఏర్పాటు చేసిన సభలో, ఇళ్లకు వెళ్లి చికిత్స చేసే ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ముందు వరుసల్లో పెద్దవాళ్లు కూర్చున్నారు. వెనక వరుసల్లో, గోడ పక్కన నిలబడి, వాళ్ల పిల్లలున్నారు. ఇద్దరితోనూ మాట్లాడాలనే వచ్చాను. కొన్ని మాటలు వెనకవాళ్లకు కష్టంగా ఉంటాయి, కొన్ని ముందువాళ్లకు. దయచేసి చివరిదాకా ఉండండి.

22 ఏళ్లుగా నేను నల్లకుంట, విద్యానగర్, బర్కత్‌పుర, పద్మారావునగర్ ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తున్నాను. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి ఎముక విరిగినవాళ్లు నా దగ్గర చికిత్స తీసుకుంటారు. ఈ పనిలో పిల్లల కంటికి పడనివి నా కంటికి పడతాయి. చేయి పైకి ఎత్తమన్నప్పుడు జాకెట్టు అంచు కింద కమిలిన మచ్చ కనిపిస్తుంది. పంచె కొంచెం పైకి జరిపితే మోకాలి పక్కన పసుపు రంగుకు తిరుగుతున్న దెబ్బ కనిపిస్తుంది. ఆ రంగుకు తిరిగిందంటే అది నిన్నటిది కాదు, కొన్ని రోజుల కిందటిది. "ఎప్పుడు పడ్డారండీ?" అని అడుగుతాను. వాళ్లు ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెబుతారు. చెప్పడం అయ్యాక దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట వింటాను. "మా అబ్బాయికి చెప్పకమ్మా."

విశ్రాంత జీవితంలో స్వతంత్రంగా ఉండటం గురించి తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో చెప్పమని నన్ను పిలిచారు. నాకు తెలిసినంతలో ఆ మాటకు దారి ఈ పసుపు మచ్చ దగ్గరే మొదలవుతుంది.

విద్యానగర్‌లో ఒక లెక్కల మాస్టారున్నారు. 78 ఏళ్లు. స్నానాల గది గడప దగ్గర కాలు జారి పడ్డారు. కొడుకు కొండాపూర్‌లో ఉంటాడు, మంచివాడు, రోజూ ఫోన్ చేస్తాడు. "ఎందుకు చెప్పొద్దంటున్నారు సార్?" అని అడిగాను. ఆయన కిటికీలోంచి ఎదురింటి గేటు చూపించారు. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేదట. ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. గిన్నె మాడింది, పొగ వచ్చింది, పక్కింటివాళ్లు చూసి కూతురికి చెప్పారు. వారంలో గ్యాస్ సిలిండర్ తీసేశారు. నెల తిరిగేసరికి ఆవిడను తీసుకెళ్లిపోయారు. గేటుకు టు-లెట్ బోర్డు వేలాడింది. "ఒక పాలగిన్నె మాడితే ఇల్లే పోయిందమ్మా. నేను పడ్డానంటే నాకేం మిగులుతుంది?" అన్నారు మాస్టారు.

ఆయన లెక్కలో తప్పు నాకు కనపడలేదు. నిజం చెబితే పోయేదేమిటి, చెప్పకపోతే పోయేదేమిటి అని బేరీజు వేసుకున్నారు. దాచడమే మేలని తేలింది. దాంతో ఆ కొడుకు రోజూ ఫోన్‌లో "నాన్నగారూ, బాగున్నారా?" అని అడుగుతాడు, ఈయన "నాకేం, రాయిలా ఉన్నాను" అంటారు. ఆ కొడుకు వేసుకునే ప్రతి ఆలోచనా ఈ అబద్ధం మీదే నిలబడుతుంది. మీలో చాలామందికి మీ తల్లిదండ్రుల గురించి తెలిసిన సంగతులు ఇలాంటివేనని నా భయం. అందుకే వాళ్లను ఒప్పించడమెలాగో నన్ను అడగకండి. ముందు వాళ్లు నిజం చెప్పినా ఏమీ పోగొట్టుకోరన్న నమ్మకం ఇవ్వండి. చెబితే ఇల్లు పోతుందన్న భయం ఉన్నచోట నిజం గడప దాటదు.

ఒంటి మీద దెబ్బలు మాత్రమే కాదు, డబ్బు పోయినా ఇలాగే దాస్తారు. బర్కత్‌పురలో బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయనకు పోలీసులమంటూ ఫోన్ చేసి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించి, రెండు రోజులు వీడియో కాల్ ముందు కూర్చోబెట్టి నాలుగు లక్షలు లాగేశారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఆయన అది మూడు నెలలు గుండెలో పెట్టుకుని, భుజం వ్యాయామం చేయిస్తుండగా నాతో చెప్పారు. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేసి ఉంటే డబ్బు కొంతైనా ఆపే అవకాశం ఉండేది, ఆ పని గంటల్లో జరగాలి. ఎందుకు చెప్పలేదంటే, "మావాడికి తెలిస్తే ఏటీఎం కార్డు తీసేసుకుంటాడు" అన్నారు. జీవితమంతా ఇతరుల డబ్బు లెక్క తప్పకుండా చూసిన మనిషి. నాలుగు లక్షలు పోయినదానికంటే ఆ కార్డు పోతుందన్న భయమే ఆయనకు పెద్దదైంది.

ఇప్పుడు మనం వాడే మాటల గురించి కొంచెం చెప్పనివ్వండి. ఇది నన్ను చాలా బాధపెట్టే సంగతి. "అమ్మను ఎవరు పెట్టుకుంటారు?" అని అన్నదమ్ములు మాట్లాడుకుంటారు. డ్రైవరును పెట్టుకుంటాం, వంటమనిషిని పెట్టుకుంటాం. అమ్మను కూడా పెట్టుకోవడమే. "ఈ ఆరు నెలలూ పెద్దవాడి వంతు" అంటారు. నీళ్ల ట్యాంకరుకు వంతులుంటాయి, అమ్మకూ వంతులే. ఇంకొకటి, అన్నిటికంటే మెత్తగా వినిపించేది: "ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ, కృష్ణా రామా అనుకుంటూ కూర్చో." ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటలో ఏముందో విని చూడండి. నువ్వు తేల్చాల్సినవి ఇక ఏవీ లేవు అన్న తీర్పు ఉంది. 65 ఏళ్లకు ఆ తీర్పు ఇస్తే, 90 దాకా బతికే మనిషి పాతికేళ్లు ఆ మూలన కూర్చోవాలి.

గుళ్లో దర్శనమయ్యాక మెట్ల మీద కాసేపు కూర్చుని పెద్దవాళ్లు ఒక శ్లోకం చదువుకుంటారు. ఆయాసం లేని చావునూ, దైన్యం లేని బతుకునూ ఇమ్మని అందులో దేవుణ్ణి అడుగుతారు. మొదటిది మన చేతిలో లేదు. రెండోది చాలావరకు ఈ హాల్లో వెనక వరుసల్లో ఉన్నవాళ్ల చేతిలో ఉంది.

ఇదంతా నేను నేర్చుకున్నది మా అమ్మ దగ్గర, ఆమెకు అన్యాయం చేసి.

మా నాన్నగారు పోయాక అమ్మ సైదాబాద్ ఇంట్లో ఒక్కతే ఉండేది. అప్పటికి 74. మేము ఉప్పల్ దగ్గర తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. నాన్నగారి సంవత్సరీకం కాగానే అన్నయ్యా నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మ అప్పుడు వంటింట్లో ఉంది. బయటికి వచ్చేసరికి, అమ్మ మా ఫ్లాటుకు వచ్చేయాలని మేం తేల్చేశాం. అమ్మకు నచ్చజెప్పానని నేను చాలాకాలం అనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు, ఊరుకుంది. రెంటికీ తేడా అప్పట్లో నాకు తెలియలేదు.

మా తలుపుకు వేలిముద్రతో తెరుచుకునే తాళం ఉంది. అమ్మ వేలిముద్ర దానికి అందేది కాదు. యాభై ఏళ్లు అంట్లు తోమి, బట్టలు పిండిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. రేషన్ దుకాణం దగ్గర ఎంతమంది పెద్దవాళ్లు ఇందుకే వెనక్కి తిరిగి వచ్చారో మీకు తెలుసు. పెన్షనర్లు బతికే ఉన్నామని నవంబరులో ఇచ్చే ధ్రువపత్రం, జీవన్ ప్రమాణ్‌కు ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపిస్తే సరిపోతోంది. మా తలుపుకు ఆ సదుపాయం లేదు. అంకెలు నొక్కాలి. అంకెలు అమ్మకు గుర్తున్నాయి, కళ్లజోడు లేకపోతే ఆ మీటలే కనపడవు. ఒకరోజు చెత్త బుట్ట బయట పెట్టడానికి వెళ్లింది, వెనక తలుపు పడిపోయింది. ఫోనూ కళ్లజోడూ లోపలే. నేను వచ్చేదాకా రెండు గంటలు మెట్ల మీద కూర్చుంది. పక్క ఫ్లాటు తలుపు కొట్టలేదేమిటమ్మా అంటే, "వాళ్లెవరో నాకు తెలియదు కదమ్మా" అంది. సైదాబాద్‌లో ఆమెకు తెలియని గుమ్మం లేదు.

అక్కడ ప్రహరీ గోడకు అవతల ఒక ముస్లిం కుటుంబం ఉంది. ఆ ఇంటావిడా అమ్మా ముప్ఫై ఏళ్లుగా గోడకు ఇటూ అటూ నిలబడి ఉర్దూలో మాట్లాడుకుంటారు. నల్లా నీళ్లు ఎన్నింటికి వదులుతారన్న దగ్గర మొదలై మనవరాళ్ల పెళ్లిళ్ల దాకా సాగుతుంది. మా ఫ్లాటుకు వచ్చాక అమ్మకు ఉర్దూ మాట్లాడే అవసరమే పోయింది. మన నిమ్స్ ఆసుపత్రిలో వైద్యులు మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని వాళ్లు గమనించారు. గోడ పక్కన ఉర్దూ మాట్లాడితే మతిమరుపు రాదని నేను చెప్పడం లేదు. కానీ పెద్దవాళ్లను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చేటప్పుడు మంచం, బీరువా, మందుల డబ్బా లెక్క పెట్టుకుంటాం. ఆ గోడను ఎవరమూ లెక్క పెట్టం.

ఏడో నెలలో అమ్మ పడింది, నా ఇంట్లోనే. నాకు చెప్పలేదు. పదిహేనేళ్లుగా ఇతరుల ఇళ్లలో చూస్తున్న పసుపు మచ్చను, బాల్కనీలో చీర ఆరేస్తుంటే మా అమ్మ చేతి మీద చూశాను. నేను అడిగేలోపే, "అన్నయ్యకు చెప్పకమ్మా" అంది. ఎందుకమ్మా అంటే, "ఇక నేను ఆ ఇంటికి పోలేనని అమ్మేస్తారు" అంది.

ఆ రాత్రి మొదటిసారి నేను అమ్మను అడిగాను. ఎక్కడుంటావు, ఎవరి దగ్గరుంటావు అని కాదు. "అమ్మా, ఏవేవి నీ చేతిలోనే ఉండాలి?" అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మూడు చెప్పింది. తలుపు తాళం తన దగ్గర ఉండాలి. పొయ్యి తన చేతిలో ఉండాలి. నాన్నగారి పెన్షన్‌లో ఎవరికి ఎంత ఇస్తుందో ఎవరూ అడగకూడదు. సైదాబాద్ పంపించమని ఆమె నోటితో అనలేదు. కానీ ఈ మూడూ కుదిరే చోటు ఏదని వెతికితే దారి అక్కడికే పోయింది.

ఇప్పుడు అమ్మకు 81. ఆ ఇంట్లోనే ఉంది. పై వాటా ఒక కుటుంబానికి అద్దెకిచ్చాం. అద్దె వెయ్యి రూపాయలు తగ్గించాలన్నది అమ్మ నిర్ణయం, బదులుగా వాళ్లు చేయాల్సింది ఒక్కటే. ఉదయం ఏడు దాటినా గేటుకు తగిలించిన సంచిలో పాలపాకెట్టు అలాగే ఉంటే కిందికి దిగి తలుపు తట్టాలి. రెండో తాళంచెవి గోడ అవతలి ఆవిడ దగ్గర ఉంటుంది. నాలుగేళ్ల కిందట అమ్మ మళ్లీ పడింది, పెరట్లో. ఆ రోజు పది నిమిషాల్లో నాకు ఫోన్ చేసింది. నా జీవితంలో ఇంతకంటే పెద్ద గౌరవం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఈ మాటలు ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడుగుతారు. ఆసుపత్రి నడవాలో మొదలుపెట్టకండి. సంక్రాంతికి అందరం కలుస్తాం కదా, అప్పుడు కూర్చుని తేలుద్దాం అనుకుంటారు, అది కూడా వద్దు. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు ఒక పక్క, డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో ఇంకొకరు, ఎదురుగా మీ నాన్నగారు ఒక్కరు. బోనులో నిలబెట్టినట్టుంటుంది. ఒక్కరే వెళ్లండి. చేతిలో ఏదో పని ఉన్నప్పుడు మాట్లాడండి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు, రైతుబజారు నుంచి సంచి మోసుకుంటూ నడుస్తున్నప్పుడు, మందుల షాపు ముందు వరుసలో నిలబడి ఉన్నప్పుడు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడుస్తుంటే వస్తాయి. ఒక్కరోజులో అంతా మాట్లాడాలని చూడకండి. ఒకసారికి ఒక్క సంగతి చాలు.

మొదటి మాట మీ గురించి అయితే ఇంకా మంచిది. "నాన్నగారూ, నేను వీలునామా రాద్దామనుకుంటున్నాను, మీరేమంటారు?" అని అడగండి. సలహా అడిగినప్పుడు ఆయన మళ్లీ ఇంటి పెద్ద అవుతారు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ఒక దెబ్బ సంగతి చెప్పారనుకోండి, ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి. "చెప్పారు, మంచి పని చేశారు. ఎక్కడ పడ్డారో చూపించండి" అని లేచి వెళ్లి ఆ చోటు చూడండి. గడపా, తడి గచ్చా, చీకటా అన్నది తెలుసుకోండి. మనిషిని మార్చే ముందు గడపను మార్చవచ్చేమో చూడాలి.

అది నా పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎక్కువమంది స్నానాల గదిలో, రాత్రి మంచం నుంచి అక్కడికి పోయే దారిలో పడతారు. తువ్వాలు వేసుకునే రాడ్డును పట్టుకుని లేస్తారు, అది మనిషి బరువు ఆపదు, గోడలోంచి ఊడి వస్తుంది. గోడలోకి గట్టిగా బిగించిన స్టీలు కడ్డీలు కావాలి, ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసేచోట. వాటికయ్యే ఖర్చు ఒక రోజు ఆసుపత్రి గది అద్దె కూడా కాదు. స్నానాల గది తలుపు లోపలికి తెరుచుకునేలా ఉంటే మార్పించండి. లోపల పడిన మనిషి ఆ తలుపుకే అడ్డంగా ఉంటారు, బయటివాళ్లు తోయలేరు. లోపలి గడియ కూడా బయటి నుంచి తీయగలిగేలా ఉండాలి. గడియ వేసుకోవద్దని మాత్రం చెప్పకండి, ఆ మర్యాద ఎవరికైనా కావాలి. రాత్రి దారిలో చిన్న దీపం, అరిగిన చెప్పులకు సెలవు, గచ్చు మీద జారే పట్టాలు తీసేయడం.

మందులు కూడా పడేస్తాయి. కొన్ని బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, నిద్రమాత్రలు వేసుకున్నవాళ్లు పడుకున్న చోటి నుంచి గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. లేచాక మంచం అంచున కాసేపు కూర్చుని, ఆ తర్వాత నిలబడాలి. మందుల చీటీలన్నీ ఒకే డాక్టరుకు ఒకేసారి చూపించండి. నలుగురు డాక్టర్లు రాసినవి కలిసి ఏం చేస్తున్నాయో ఎవరో ఒకరు చూడాలి. బీపీ, షుగరు చూపించుకోవడానికి ప్రతిసారీ పెద్ద ఆసుపత్రికి పోనక్కర్లేదు. 2018 నుంచి మన నగరంలో బస్తీ దవాఖానాలున్నాయి, అక్కడ ఉచితంగా చూస్తారు, పెద్దవాళ్లు తమంతట తాము నడిచి వెళ్లివచ్చే దూరంలో ఉంటాయి. తమంతట తాము వెళ్లిరావడం కూడా సగం వైద్యం.

ఇక ఇంటి కాగితాలు. నేను న్యాయవాదిని కాను, కానీ ఇళ్లలో చూస్తున్నాను. "ఎప్పటికైనా మీదే కదా" అని ఉన్న ఒక్క ఇల్లూ బతికుండగానే రాసిచ్చేసి, ఆ తర్వాత అదే ఇంట్లో అతిథిలా ఉంటున్నవాళ్లు నాకు తెలుసు. ముందు వరుసలో ఉన్నవాళ్లకు నా విన్నపం, వీలునామా రాయండి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్, అంటే బతికుండగానే ఆస్తిని రాసిచ్చే దస్తావేజు, అలా కాదు, రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అదే రాయాలనుకుంటే, నన్ను చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే రాయించండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆ షరతు పాటించకపోతే బదిలీని రద్దు చేయవచ్చని దాని 23వ సెక్షన్ చెబుతుంది. షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో అంది. 2025 జనవరిలో మరో కేసులో, ఒక తల్లి కొడుక్కి రాసిన గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేస్తూ ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలంది. ఇదే చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకుంటే నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే వృద్ధుల సహాయ కేంద్రం నంబరు 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. ఆ నంబరు రాసుకోండి. పిల్లలు మంచివాళ్లయినా రాసుకోండి, పక్కింటివాళ్లకు పనికొస్తుంది.

వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు ఈ మాటలు నొప్పి కలిగించి ఉండవచ్చు. మీరే మీ అమ్మతో, "ఇల్లు నీ పేరునే ఉంచుకో అమ్మా" అని ముందుగా అనండి. ఆ తర్వాత ఆమె మీతో ఎంత మాట్లాడుతుందో చూడండి. పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ వయోవృద్ధుల పొదుపు పథకం ఉంది, 60 దాటినవాళ్లు 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. ఇల్లో పొలమో అమ్మిన డబ్బు పెద్దవాళ్ల పేరునే అలా ఉంటే, మందులకు ఎవరి ముందూ చేయి చాచనక్కర్లేదు.

అందరూ ఒంటరిగానే ఉండాలని నేను చెబుతున్నానని కొందరు అనుకోవచ్చు. అలా ఉండలేని రోజులు వస్తాయి. పొయ్యి కట్టేయడం ఒకసారి మరిచిపోవడం వేరు, అది పొయ్యి అని గుర్తుపట్టలేకపోవడం వేరు. ముప్ఫై ఏళ్లు నడిచిన వీధిలో దారి తప్పితే, వేసుకున్న మాత్రే మళ్లీ మళ్లీ వేసుకుంటుంటే డాక్టరుకు చూపించాలి, ఏర్పాటు మారాలి. అప్పుడు పిల్లల దగ్గరికో, ఊరి చివర ఇప్పుడు కడుతున్న పెద్దవాళ్ల గృహసముదాయాల్లోకో వెళ్లడం తప్పేమీ కాదు. అలాంటి చోటును కలిసి వెళ్లి చూడండి, వీలైతే ఒక వారం ఉండి చూడమనండి. వచ్చాక వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వండి. మనిషి మంచానికే పరిమితమైనా అడగదగినవి ఉంటాయి. ఏ పూట స్నానం, కిటికీ తెరవాలా మూయాలా, మనవడి పెళ్లికి ఎంత చదివించాలి. పద్మారావునగర్‌లో మాట పడిపోయిన ఒక పెద్దావిడ రోజూ ఏ చీర కట్టాలో వేలితో చూపిస్తుంది. కోడలు నాలుగు చీరలు మంచం మీద పరిచి ఓపిగ్గా నిలబడుతుంది. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఆ కోడలికి మనసులో నమస్కారం చేసుకుంటాను.

ఇప్పుడు ముందు వరుసలవారు. అమ్మా, అయ్యా, మీరు దాచడం ఆపాలి. అది సులభం కాదని తెలుసు. చిన్న సంగతితో మొదలుపెట్టండి. ఈ సాయంత్రం ఫోన్ వచ్చినప్పుడు "రాయిలా ఉన్నాను" అనకండి. "మొన్న గడప దగ్గర తూలాను. ఒక కడ్డీ బిగించుకుంటే సరిపోతుందనుకుంటున్నాను" అనండి. జరిగిందీ, ఏం చేయాలనుకుంటున్నారో కూడా మీ నోటి నుంచే రానివ్వండి. మీ మందుల చీటీలు, బ్యాంకు కాగితాలు, వీలునామా ఎక్కడున్నాయో ఒక్కరికైనా చెప్పి ఉంచండి. మీరు మాట్లాడలేని స్థితి వస్తే వైద్యం ఎంతవరకు కావాలో, ఏది వద్దో కూడా ముందుగా రాసి ఉంచవచ్చు. సుప్రీంకోర్టు 2018లో అందుకు అనుమతి ఇచ్చింది, 2023లో దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. ఆ మాట పిల్లలు మీతో ఎత్తలేరు. మీరే ఎత్తాలి.

విద్యానగర్ మాస్టారి సంగతి సగంలో ఆపాను. ఆయన నన్ను చెప్పవద్దన్నారు, నేను చెప్పలేదు. మూడు వారాలు ఆయన్నే అడుగుతూ వచ్చాను. నాలుగో వారం వెళ్లేసరికి కొడుకు స్నానాల గదిలో నేల మీద కూర్చుని, కడ్డీ ఎంత ఎత్తులో బిగించాలో తండ్రి చేత గోడ మీద పెన్సిల్‌తో గీయించుకుంటున్నాడు. మాస్టారు లేచి, కూర్చుని, మళ్లీ లేచి, ఇంకో రెండు అంగుళాలు కిందికి అంటున్నారు.

నేను మాట్లాడటం ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే పని ఉంది. ఈ కుర్చీ నుంచి అక్కడ నేల మీద అంటించిన ఎర్ర టేపు దాకా మూడు మీటర్లు. కుర్చీలోంచి లేచి, ఎప్పుడూ నడిచే వేగంతోనే టేపు దాకా నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క, అలాంటివారితో విడిగా మాట్లాడతాను. తొందరపడవద్దు, చేతికర్ర ఉంటే దానితోనే నడవండి. మీ అంకె మీకే చెబుతాను, మీ అబ్బాయికి చెప్పాలో లేదో మీ ఇష్టం. ఆ చివర నీలం చీర అమ్మగారు చేయి ఎత్తారు. రండమ్మా, కుర్చీ కదలకుండా నేను పట్టుకుంటాను.